జిగ్ బెజ్జం రంగుతో మూసుకుపోతే: ఏ పనిముట్టు వాడాలి, ఎప్పుడు వాడాలి

క్రాపీ చేపలు గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికి వచ్చే రోజులు మా టెక్సస్‌లో ఏడాదికి కొన్ని వారాలే. అలాంటి ఒక మార్చి ఉదయం లేక్ లవాన్ ఒడ్డున, చలికి వేళ్లు కొంకర్లు పోతుండగా, నేనే రంగు వేసుకున్న కొత్త జిగ్‌ని, అంటే సీసపు తల ఉన్న గాలపు ముల్లుని, పెట్టెలోంచి తీశాను. దారం ఎక్కించబోతే బెజ్జం కనపడలేదు. గులాబీ రంగు దాన్ని నిండా కప్పేసింది. ఇంకోటి తీశాను, అదీ అంతే. వేరే ఏమీ దొరక్క ఒక జిగ్ ముల్లుతో ఇంకో జిగ్ బెజ్జాన్ని పొడిచాను. రంగు పగల్లేదు. ముల్లు జారి బొటనవేలిలో దిగింది. అదృష్టం బాగుండి మొన మాత్రమే దిగింది కాబట్టి వెనక్కి లాగగలిగాను. కానీ ఆ ముల్లు మొన వంగిపోయింది, రెండో జిగ్ ఇంకా మూసుకునే ఉంది, మరోపక్క చేపలు పక్కవాళ్లకి పడుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత ప్రతి చలికాలం గ్యారేజీలో కూర్చుని జిగ్‌లకు రంగు వేస్తూనే ఉన్నాను. బెజ్జాల విషయంలో చేయగలిగిన తప్పులన్నీ చేశాను. అన్నిటినుంచీ నాకు తెలిసింది ఇది: ఏ పనిముట్టు వాడామన్నదానికంటే, ఎప్పుడు వాడామన్నది ముఖ్యం. పౌడర్ పెయింట్ (పొడి రంగు) వేసిన జిగ్‌ని, పూత గట్టిపడటానికి ఓవెన్‌లో పెట్టకముందే బెజ్జం చూసుకుంటే ఒక పిన్నీసు చాలు. ఓవెన్‌లోంచి తీశాక చూసుకుంటే ఒక్కో జిగ్‌తో కుస్తీ పట్టాలి.

ముందు జిగ్ సంగతి

జిగ్ అంటే గాలపు ముల్లుకి మెడ దగ్గర సీసంతో తల పోతపోసిన ఎర. మామూలు గాలానికి బరువు విడిగా కడతాం. జిగ్‌లో ముల్లూ బరువూ ఒకటే. ముల్లు కాడని మెడ దగ్గర వంచి, దారం కట్టే బెజ్జం ఒక్కటే సీసం పైన బయటికి కనపడేలా పోస్తారు. తలకు రంగు వేస్తాం కాబట్టి, తలని అంటిపెట్టుకుని ఉన్న బెజ్జానికీ ఆ రంగు అంటుతుంది.

క్రాపీకి మేము వాడేవి చాలా చిన్నవి: 1/32, 1/16, 1/8 ఔన్సు. 1/16 ఔన్సు అంటే 1.8 గ్రాములు కూడా నిండదు. అంత చిన్న జిగ్‌కి బెజ్జం లోపలి వెడల్పు మిల్లీమీటరు, మహా అయితే మిల్లీమీటరున్నర. దారం చూస్తే ఆరు పౌన్ల బరువు ఆపే నైలాన్ సుమారు పావు మిల్లీమీటరు మందమే. మరి సగం మూసుకున్నా దారం పడుతుంది కదా, మొత్తం తీయడం దేనికి అని చాలామంది అడుగుతారు.

రెండు కారణాలు. మొదటిది, పాలోమార్ లాంటి ముడికి దారాన్ని మడిచి రెండు పేటలుగా బెజ్జంలోంచి దూర్చాలి. మడత దగ్గర దారం ఉబ్బి ఉంటుంది కాబట్టి సగం బెజ్జంలో అది పట్టదు. రెండోది ఇంకా ముఖ్యం. రంగు పొర మీద ముడి బిగిస్తే ఆ క్షణానికి అంతా బిగువుగానే ఉంటుంది. నాలుగైదు సార్లు రాళ్లకో మోడులకో తగిలాక ముడి కింద ఉన్న రంగు నలిగి రాలిపోతుంది. దాంతో ముడి వదులవుతుంది. మంచి చేప పడినప్పుడే అది జారిపోవడం నేను కళ్లారా చూశాను.

అసలు ఎందుకు మూసుకుంటుంది

పౌడర్ పెయింట్ వేసే పద్ధతి తెలిసినవాళ్లకి ఇది ఒక్క నిమిషం. సీసపు తలని హీట్ గన్‌తో వేడిచేస్తాం, పొడి రంగులో ముంచి తీస్తాం. వేడికి పొడి కరిగి తలకి పూతలా అంటుకుంటుంది. తర్వాత ఓవెన్‌లో దాదాపు 177 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే 350 ఫారన్‌హీట్ దగ్గర, పదిహేను ఇరవై నిమిషాలు ఉంచితే ఆ పూత గట్టిపడుతుంది. ఏ రంగు డబ్బా కొన్నా దాని మీద రాసిన వేడి, సమయం ఒకసారి చూసుకోండి.

ముంచినప్పుడు బెజ్జం కూడా వేడిగా ఉంటే అక్కడా పొడి కరుగుతుంది. కరిగిన రంగు చిక్కగా ఉంటుంది. సబ్బునీళ్లలో ముంచిన చేతి గాజుకి నీటి పొర పట్టినట్టే, చిన్న బెజ్జానికి ఈ అంచు నుంచి ఆ అంచుకి రంగు పొర పట్టేస్తుంది. బెజ్జం ఎంత చిన్నదైతే పొర అంత తేలిగ్గా నిలుస్తుంది. అందుకే 1/8 ఔన్సు జిగ్‌లతో పెద్దగా ఇబ్బంది లేనివాళ్లు కూడా 1/32 కి వచ్చేసరికి తల పట్టుకుంటారు.

ఇంకో చిక్కు ఓవెన్‌లో వస్తుంది. అక్కడ పొడి మళ్లీ ఒకసారి కరిగి పారుతుంది. బెజ్జం అంచున కొంచెమే మిగిలిందిలే అని వదిలేసిన రంగు, ఓవెన్‌లో కరిగి మధ్యకి చేరి మళ్లీ పొర కట్టేస్తుంది. పెట్టేటప్పుడు తెరుచుకుని ఉన్న బెజ్జం తీసేటప్పుడు మూసుకుని కనిపించడానికి కారణం ఇదే.

మూసుకోకుండా చూసుకోవడం

సగం పని ఇక్కడే తేలిపోతుంది కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

వేడి గాలి సీసం మీద పడాలి, బెజ్జం మీద పడకూడదు. జిగ్‌ని ముల్లు వంపు దగ్గర ఆర్టరీ ఫోర్సెప్స్‌తో (బిగించి వదిలేయగల డాక్టర్ల పట్టకారుతో) పట్టుకుని, బెజ్జం అవతలి వైపుకి ఉండేలా తిప్పి, తల అడుగు భాగానికి గాలి తగలనివ్వండి. వేడి చేశాక వెంటనే ముంచొద్దు. ఒకటి, రెండు అని మనసులో లెక్కపెట్టండి. బెజ్జం సన్నని తీగ, గాలి తగిలితే త్వరగా చల్లారుతుంది. సీసపు తల ముద్ద కాబట్టి వేడిని పట్టి ఉంచుకుంటుంది. ఆ రెండు క్షణాల తేడాలో పొడి తలకి బాగా అంటుతుంది, బెజ్జానికి తక్కువ అంటుతుంది. నాకు దీనివల్ల వచ్చినంత లాభం ఏ పనిముట్టు వల్లా రాలేదు.

తల మరీ కాలితే పూత మందమై, ముక్కు దగ్గర చుక్క వేలాడుతుంది. సరిపడా వేడైతే ముంచి తీసిన పొడి రెండు మూడు క్షణాల్లో నిగనిగలాడుతుంది. పొడిపొడిగా సున్నం కొట్టినట్టు ఉండిపోతే వేడి చాలలేదన్నమాట. ముంచడం కూడా ‘ఒకటి’ అనేంత సేపే. ఎక్కువసేపు ఉంచితే పూత మందమైపోతుంది, బెజ్జమూ పూడుతుంది.

డబ్బాలో పొడి గడ్డకట్టుకుని ఉంటే ఎక్కడో మందంగా, ఎక్కడో పలచగా అంటుతుంది. ముంచే ముందు జల్లించిన పిండిలా గుల్లగా ఉండేటట్టు కదిలించండి. అక్వేరియం గాలి పంపుతో కింద నుంచి గాలి ఊది పొడిని తేలుతూ ఉంచే డబ్బా చేసుకునేవాళ్లూ ఉన్నారు. యాభైకి మించి వేసేవాళ్లకి అది చేసుకోదగ్గదే.

ముంచడం మానేసి బ్రష్‌తో చల్లుకోవడం ఇంకో దారి. పొడిలో ముంచిన మెత్తని బ్రష్‌ని వేడి తల పైన పట్టుకుని వేలితో తట్టితే పొడి జల్లులా రాలి అంటుకుంటుంది. నిదానంగా సాగే పని. కానీ 1/32, 1/64 లాంటి బుల్లి జిగ్‌లకి నేను ఇప్పుడు ఇదే చేస్తున్నాను, బెజ్జం దాదాపు శుభ్రంగానే వస్తుంది.

ఓవెన్‌లో వేలాడదీసేటప్పుడు ఎప్పుడూ ముల్లు వంపుని తీగకి తగిలించండి. బెజ్జంలోంచి తీగ దూర్చి వేలాడదీస్తే ఆ తీగ రంగుతో సహా అతుక్కుపోతుంది. ఒకదానికొకటి తగలకుండా ఎడం కూడా ఉంచండి.

తీయడానికి సరైన సమయం

ముంచి తీసిన జిగ్ ఒకటి రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. అప్పుడు పూత చూడ్డానికి పూర్తయినట్టే ఉంటుంది, కానీ ఇంకా ఓవెన్ వేడికి గట్టిపడలేదు. ఈ దశలో అది లక్కలా పెళుసుగా ఉంటుంది. సూది మొన పెట్టి నొక్కితే చిన్న టక్‌మన్న చప్పుడుతో విరిగి, పొడిపొడిగా రాలుతుంది. ఓవెన్‌లో ఉడికాక అదే రంగు పటిష్ఠమైన ప్లాస్టిక్‌లా మారిపోతుంది, విరగకుండా సాగి నిలబడుతుంది.

కాబట్టి నా వరస ఇది: ముంచు, చల్లారనివ్వు, బెజ్జం పొడువు, అంచులు గీకు, రబ్బరు బల్బుతో ఊదు, అప్పుడు ఓవెన్. ఒక్కో జిగ్‌కి పది క్షణాలు కూడా పట్టదు. ఓవెన్ నుంచి తీశాక కూడా నూటికి నాలుగైదు మిగిలిపోతాయి, వాటి గురించి తర్వాత చెప్తాను.

ఇంకా వేడిగా, మెత్తగా ఉండగానే పొడిచేయొచ్చు కదా అని కొందరు అంటారు. నేను చేసి చూశాను. మెత్తటి రంగు సూదికి బంకలా అంటుకుని, సూదితోపాటు సాగి, తల మీద గీతలు పెడుతుంది. చల్లారేదాకా ఆగడమే మేలు.

పనిముట్లు, ఒక్కొక్కటిగా

పిన్నీసు. ఇంట్లో ఎప్పుడూ ఉండేది, ఓవెన్‌కి ముందు దశలో ఇంతకంటే మంచిది అక్కర్లేదు. దాన్ని పూర్తిగా విప్పి, వెనక భాగాన్ని ఒక చిన్న చెక్క ముక్కలో దించుకుంటే చేతికి పట్టు వస్తుంది. మరీ పదునైన మొన కంటే, గరుకు కాగితం మీద రెండుసార్లు రుద్ది కాస్త మొద్దుబార్చిన మొన మంచిది. పదును మొన రంగులో గుచ్చుకుని ఇరుక్కుంటుంది, మొద్దు మొన పొరని నెట్టి పగలగొడుతుంది.

దబ్బనం. గోనెసంచులు కుట్టే దబ్బనం మొదట్లో సన్నగా, పోనుపోను లావుగా ఉంటుంది. పెద్ద బెజ్జాలున్న 1/4 ఔన్సు పైబడిన జిగ్‌లకి ఇది బాగా పనికొస్తుంది. చిన్నవాటి దగ్గరికి రానివ్వొద్దు, బలంగా దించితే తీగ చుట్టు విడిపోతుంది.

స్టవ్ పిన్ను. కిరోసిన్ పంపు స్టవ్‌లు చూసినవాళ్లకి రేకు పిడికి సన్నని తీగ ఉండే ఆ పిన్ను గుర్తుండే ఉంటుంది. మంట ఎర్రగా వస్తే అమ్మమ్మలు దాంతో నిపుల్ పొడిచేవారు. ఊరినుంచి వచ్చేటప్పుడు మా పెద్దమ్మ సామానులో నాలుగు తెచ్చి పెట్టింది. అది అతి సన్నని బెజ్జాలకే, అదీ ఓవెన్‌కి ముందు మాత్రమే. గట్టిపడిన రంగు మీద పెడితే తీగ వంగిపోతుంది.

టార్చ్ టిప్ క్లీనర్ల సెట్టు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. గ్యాస్ వెల్డింగ్ చేసేవాళ్లు టార్చ్ ముక్కు రంధ్రాలు తుడుచుకోవడానికి వాడతారు. చిన్న రేకు డబ్బాలో, విసనకర్రలా విచ్చుకునే సన్నని తీగలు వరసగా ఉంటాయి, ఒక్కోటి ఒక్కో మందం. ప్రతి తీగకీ సన్నని గాట్లు ఉంటాయి కాబట్టి అది గుండ్రటి బుల్లి ఆకురాయిలా పనిచేస్తుంది. బెజ్జంలోకి వదులుగా దూరే తీగని ఎంచుకుని ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు ఆడిస్తే అంచున మిగిలిన రంగంతా పొడిగా రాలుతుంది. వెల్డింగ్ సామాను దొరికే ఏ దుకాణంలోనైనా ఉంటుంది, ధర కూడా తక్కువే. ఇండియాలో ఉన్నవాళ్లు ‘నాజిల్ క్లీనర్’ అని అడిగితే ఇస్తారు.

గిటారు తీగ. టిప్ క్లీనర్ దొరకనివాళ్లకి. గిటారులో లావు తీగల మీద ఇంకో సన్నని తీగ చుట్టి ఉంటుంది. తెగిపోయిన తీగలోంచి వేలెడు ముక్క కత్తిరించి బెజ్జంలో రంపంలా ఆడిస్తే రంగు గీకేస్తుంది. చుట్టు విడిపోకుండా చివర గట్టిగా పట్టుకోవాలి.

పిన్ వైస్, సన్నని డ్రిల్ బిట్లు. పిన్ వైస్ అంటే గడియారాలు బాగుచేసేవాళ్ల దగ్గర ఉండే పెన్నులాంటి చేతి డ్రిల్లు. వేళ్ల మధ్య తిప్పుతూ వాడతారు. 60 నంబరు బిట్టు 1.02 మిల్లీమీటర్లు, 65 నంబరు 0.89, 70 నంబరు 0.71. బెజ్జం కంటే కచ్చితంగా ఒక మెట్టు సన్నని బిట్టు వాడండి. బెజ్జం నిండా పట్టే బిట్టు పెడితే అది రంగుని వదిలి ముల్లు తీగని కొరుకుతుంది. కరెంటు డ్రిల్లుకీ, వేగంగా తిరిగే రోటరీ పనిముట్టుకీ ఈ బిట్లు పెట్టొద్దు. బిట్టు టక్కున విరిగి ఎటు ఎగురుతుందో తెలియదు.

బెజ్జం పొడిచే పట్టకారు. జిగ్‌ల కోసమే తయారుచేసి అమ్మే పనిముట్టు ఇది. చిన్న పట్టకారులా ఉండి, ఒక దవడకి ముల్లులాంటి మొన, ఎదుటి దవడకి ఆ మొన దూరే గాడి ఉంటాయి. బెజ్జాన్ని మధ్యలో పెట్టి నొక్కితే గట్టిపడిన రంగు కూడా ఒక్క దెబ్బకి బిళ్లలా ఊడిపడుతుంది. వందల జిగ్‌లు ఓవెన్‌లోంచి మూసుకుని వచ్చినప్పుడు ఇది చేతికి పెద్ద ఊరట. అయితే దాని మొన మందం మీ బెజ్జానికి సరిపోవాలి. కొనే ముందు మీ దగ్గరున్న అతి చిన్న జిగ్‌ని తీసుకెళ్లి సరిచూసుకోండి. మొన లావై, బెజ్జం చిన్నదై, మీరు బలంగా నొక్కారా, తీగ చుట్టు తెరుచుకుంటుంది. ఒకసారి తెరుచుకున్న బెజ్జాన్ని నమ్మకండి, ఆ జిగ్‌ని పక్కన పెట్టేయండి.

దారం కత్తిరించే నిప్పరు వెనక ఉండే సూది. గోళ్లు కత్తిరించే కట్టర్‌లా ఉండే ఈ నిప్పర్లకి చాలావాటికి చిన్న సూది మడిచి ఉంటుంది. ఇంట్లో పనికి ఇది చాలదు, కానీ చెరువు ఒడ్డున తప్పించుకున్న ఒకటీ అరా కోసం మెడలో వేలాడుతూ ఉండాల్సిందే. ఆ మార్చి ఉదయం నా దగ్గర ఇది లేకపోవడమే నా వేలికి చేటు తెచ్చింది.

ఇక వాడకూడనివి. ఇంకో గాలం ముల్లు గురించి ముందే చెప్పాను. ఎర్రగా కాల్చిన సూదితో రంగు కరిగించడం, లైటరు మంట బెజ్జానికి చూపించడం అసలు వద్దు. కాలే రంగు పొగ పీల్చదగ్గది కాదు. పైగా ముల్లు ఉక్కుకి గట్టితనం వేడిచేసి చల్లార్చే పద్ధతిలోనే వస్తుంది, మంట తగిలితే అది పోతుంది. అలా మెత్తబడిన ముల్లు చేప లాగినప్పుడు సాగిపోతుంది.

ఓవెన్‌లో గట్టిపడిపోయిన రంగు తీయడం

అన్నీ చేసినా కొన్ని మిగులుతాయి. లేదా రంగు వేసిన జిగ్‌లు దుకాణంలో కొన్నా చాలాసార్లు బెజ్జాలు మూసుకునే వస్తాయి. వాటికి ఇలా చేయండి.

1. జిగ్ పూర్తిగా చల్లారాలి. వేళ్లతో పట్టుకోవద్దు. ముల్లు వంపుని ఆర్టరీ ఫోర్సెప్స్‌తో బిగించి, మొన మీకు అవతలి వైపుకి తిప్పండి. వీలైతే చిన్న వైస్‌లో బిగించుకోండి. కళ్లద్దాలు పెట్టుకోండి, గట్టి పెచ్చులు కంటి వైపే ఎగురుతాయి.

2. బెజ్జం అడుగున, తల మీదికి రంగు కలిసే చోట, బ్లేడు మొనతో చుట్టూ సన్నని గీటు పెట్టండి. ఇది చాలామంది వదిలేసే పని. ఈ గీటు లేకుండా పొడిస్తే బెజ్జంలోని రంగు ఊడుతూ తనతోపాటు ముక్కు మీది పూతని కూడా పెచ్చుగా లాక్కుపోతుంది. గీటు ఉంటే పెచ్చు అక్కడికి వచ్చి ఆగిపోతుంది.

3. పొర సరిగ్గా మధ్యలో సూదితో చిన్న గుంట పెట్టండి. అంచున మొదలుపెడితే సూది తీగ మీంచి జారుతుంది.

4. ఆ గుంటలో పిన్ వైస్ బిట్టు నిలబెట్టి, నొక్కకుండా, వేళ్లతో నిదానంగా తిప్పండి. సగం దూరం వెళ్లాక జిగ్‌ని తిప్పి అవతలి వైపు నుంచి మొదలుపెట్టండి. ఒకే వైపు నుంచి పూర్తిగా దించితే చివర్లో పొర చిరిగి, అంచున తోకలు మిగులుతాయి. పట్టకారు ఉంటే 3, 4 అక్కర్లేదు, ఒక్క నొక్కు చాలు.

5. రంధ్రం పడ్డాక టిప్ క్లీనర్ తీగతో లోపలి అంచు చుట్టూ గీకండి. గుండ్రంగా తిప్పుతూ, పక్కకి ఎత్తకుండా. మెరిసే లోహం అంచంతా కనపడేదాకా.

6. ముక్కు దగ్గర పూత ఎక్కడైనా లేచి ఉంటే పారదర్శకమైన గోళ్ల రంగు ఒక చుక్క అద్దండి. సూదితో, బ్రష్‌తో కాదు. బ్రష్‌తో వేస్తే మళ్లీ బెజ్జం పూడుతుంది.

గట్టిపడిన పౌడర్ పెయింట్‌ని అసిటోన్‌లో నానబెడితే సరిపోతుందనుకోవద్దు. అది సులువుగా కరగదు. మహా అయితే మెత్తబడి తల మీద పూత కూడా పాడవుతుంది.

ద్రవ రంగులు వేసేవాళ్లకి

లాకర్, వినైల్ పెయింట్, గోళ్ల రంగు వాడేవాళ్లకి పని వేరు, కొంచెం సులువు. రంగు తడిగా ఉండగానే పళ్లపుల్ల మొనతో బెజ్జం ఒకసారి పొడిచి, ఒక నూలు దారం దూర్చి లాగేయండి. దారం తడి రంగుని పీల్చుకుని వెళ్లిపోతుంది. ఆరిపోయిన లాకర్, గోళ్ల రంగు అయితే అసిటోన్‌లో ముంచిన పళ్లపుల్లని బెజ్జంలో కాసేపు ఉంచి తిప్పండి, కరిగిపోతుంది. తల మీద పడనివ్వొద్దు. అసిటోన్ చాలా తేలిగ్గా అంటుకునే ద్రవం. హీట్ గన్, ఓవెన్, స్టవ్ పక్కన దాని సీసా మూత తీయొద్దు, కిటికీ తెరిచి ఉంచండి.

పైన నిగారింపు కోసం యూవీ రెసిన్ (యూవీ లైటుకి గట్టిపడే జిగురు) వేస్తే, లైటు చూపించకముందే సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన పుల్లతో బెజ్జం తుడవండి. లైటు పడ్డాక అది గాజులా అయిపోతుంది, డ్రిల్ బిట్టు తప్ప మార్గం లేదు.

నిజంగా తెరుచుకుందా?

జిగ్‌ని కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకుని బెజ్జంలోంచి చూడండి. గుండ్రటి వెలుగు చుక్క నిండుగా కనపడాలి. ఒక పక్క చంద్రవంకలా నల్లగా ఉంటే అక్కడ రంగు మిగిలింది. చదువుకునే కళ్లద్దాలు వాడే వయసులో ఉన్నవాళ్లు ఒక భూతద్దం దగ్గర పెట్టుకోండి, నేనూ పెట్టుకున్నాను.

తర్వాత దూది. కొంచెం దూదిని వత్తిలా నులిమి బెజ్జంలోంచి లాగండి. నున్నగా వచ్చేస్తే సరే. ఎక్కడైనా దూది పోగులు పట్టుకుని వేలాడుతున్నాయంటే అక్కడ లోహానికి గాటు పడింది. ఆ గాటు దారాన్ని లోపల్లోపల కోస్తుంది. టిప్ క్లీనర్‌తో నాలుగు రాపిళ్లు ఇచ్చి మళ్లీ దూది లాగి చూడండి. అప్పటికీ పట్టుకుంటే ఆ జిగ్ వాడకండి.

చివరిగా, చెరువులో వాడే దారాన్నే ఒక జానెడు తీసుకుని మడిచి రెండు పేటలుగా దూర్చి చూడండి. దూరితే పాలోమార్ పడుతుంది.

సీసంతో జాగ్రత్త

బెజ్జం గీకుతుంటే రంగుతోపాటు సీసం పొడి కూడా రాలుతుంది, ముఖ్యంగా బెజ్జం అడుగున. పాత వార్తాపత్రిక పరుచుకుని పని చేయండి. అయ్యాక ఊదొద్దు, చీపురుతో ఊడవొద్దు. తడి టిష్యూతో తుడిచి, కాగితంతో సహా మడిచి సంచిలో కట్టేయండి. అందుకే పెచ్చుల్ని ఊదడం అన్నది ఓవెన్‌కి ముందు, సీసం గీకని దశలో మాత్రమే చేయండి, అదీ నోటితో కాకుండా చిన్న రబ్బరు బల్బుతో. జిగ్‌ని పెదాల మధ్య పెట్టుకునే అలవాటు చాలామందికి ఉంటుంది, దయచేసి మానుకోండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే కాఫీ కప్పు ముట్టుకోండి. పిల్లలకి జిగ్‌లు కట్టడం నేర్పండి, రంగు గీకే పని మాత్రం ఇవ్వొద్దు. జిగ్‌లకి వాడిన టోస్టర్ ఓవెన్‌లో ఇంక వంట చేయకూడదు. మా ఇంట్లో దాని మీద ఎర్ర మార్కర్‌తో ‘తిండికి కాదు’ అని రాసి గ్యారేజీలోనే ఉంచాం.

అమెరికాలో ఈశాన్య రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్లకి ఇంకో మాట. మసాచుసెట్స్‌లో నదులు, చెరువుల్లాంటి లోపలి జలాల్లో ఔన్సు కంటే తక్కువ బరువున్న సీసపు జిగ్‌లు వాడటం 2012 నుంచి నిషేధం. న్యూ హాంప్‌షైర్‌లో ఔన్సు, అంతకంటే తక్కువ బరువున్నవాటికి 2016 నుంచి నిషేధం ఉంది. లూన్ అనే నీటిపక్షులు వీటిని మింగి సీసం విషానికి చనిపోతున్నాయన్నది కారణం. అక్కడివాళ్లు సీసానికి బదులు బిస్మత్, తగరం కలిపిన లోహం పోస్తారు. అది పోసుకునేవాళ్లు ఓవెన్ దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. సీసం కరగడానికి 327 డిగ్రీలు కావాలి కాబట్టి 177 దగ్గర దానికేమీ కాదు. బిస్మత్, తగరం సుమారు 58, 42 పాళ్లలో కలిపిన లోహం మాత్రం 138 డిగ్రీలకే కరిగిపోతుంది. మామూలు పౌడర్ పెయింట్ వేసి ఓవెన్‌లో పెడితే ఇరవై నిమిషాల తర్వాత తీగకి ముల్లులు మాత్రమే వేలాడుతుంటాయి, తలలు ట్రే మీద ఉంటాయి. వాటికి ద్రవ రంగులే మంచివి, బెజ్జం తడిగా ఉండగానే నూలు దారంతో తుడిచేసుకోవచ్చు.

పెట్టెలో సర్దేటప్పుడు నేను చేసే ఆఖరి పని ఒకటుంది. సరిచూసిన జిగ్‌లన్నిటినీ బెజ్జాలు పైకి ఉండేలా స్పాంజిలో వరసగా గుచ్చుతాను. సరిచూడనివి ఆ పెట్టెలోకి రానే రావు. మూతకి లోపలి వైపు చిన్న అయస్కాంతం అతికించి, దాని మీద ఒక పిన్నీసు, ఒక టిప్ క్లీనర్ తీగ ఉంచుతాను. పోయిన మార్చిలో వాటిని రెండుసార్లే తీయాల్సి వచ్చింది, రెండుసార్లూ పక్కన నిలబడి పట్టుకుంటున్నవాళ్ల జిగ్‌ల కోసమే.